బతికున్నోళ్ల ఫోటో

ఫిబ్రవరి 3, సోమవారం

మంజుల ఇవాళ కూడా ఫ్రిజ్‌తోనే మాట్లాడింది. "అన్నం వండిన. తినేటోళ్లు ఎవరన్న ఉంటే తినొచ్చు" అని దాని తలుపు వైపు చూసి చెప్పింది. నేను ఆ తలుపు పక్కనే నిలబడి ఉన్నాను. ఫ్రిజ్ ఏమీ అనలేదు కాబట్టి నేనే కూర్చొని తిన్నాను. వంకాయ కూర బాగుంది. ఆ మాట చెబుదామంటే వినేవాళ్లు లేరు.

ముప్పై ఏళ్లు చేవెళ్ల నుంచి మెహిదీపట్నం బస్సులో టికెట్లు కొట్టినవాణ్ణి. ఎంత మంది కొట్లాటలు చూడలేదు! చేవెళ్లలో సీటు కోసం జుట్లు పట్టుకున్న ఆడవాళ్లు మొయినాబాద్ దాటేసరికి ఒకరి పల్లీలు ఒకరు తినేవాళ్లు. ఈవిడ పట్టుదల మాత్రం ఏ స్టేజీలోనూ దిగేటట్టు లేదు. నాకేం ఫికర్ లేదు. ఇల్లు నిశ్శబ్దంగా ఉంటే నాకే మేలు.

పెరట్లో జామచెట్టు మీద పిట్టను ఫోటో తీశాను. తోక ఒక్కటే వచ్చింది.

ఫిబ్రవరి 4, మంగళవారం

తప్పు ఎవరిదో కాగితం మీద పెట్టుకుంటే మనసుకు నిమ్మళంగా ఉంటుంది. బస్సులో తగాదా అయినప్పుడల్లా డిపోలో ఇట్లాగే జరిగింది జరిగినట్టు రాసిచ్చేవాణ్ణి.

రిటైరయ్యాక కెమెరా కొన్నాను. పిట్టలు, తూనీగలు, చామంతి తోటలు తీశాను. వాటిలో చాలావరకు తోకలూ నీడలే. అన్నింటిలోకీ బాగా వచ్చింది మంజుల ఫోటో. మెంతికూర తెంపుతూ తల ఎత్తింది. కిటికీలోంచి వెలుగు వచ్చి చెంప మీద పడింది. అంత అందంగా ఉంటుందని నాకే తెలియదు. పెద్దది చేయించి గోడకు పెడదామనుకున్నాను. ఇందులో తప్పుందా? లేదు.

పోయిన వారం బస్టాండ్ పక్కన ఫ్రేములు కట్టే సుధాకర్ దగ్గరికి వెళ్లాను. మా అమ్మానాన్నల ఫోటోలకు ఫ్రేములు కట్టింది కూడా వాడే. "అమ్మానాన్నల మధ్యలో జాగా ఉంది కదా, అక్కడ పెట్టాలి. అచ్చం అట్లాంటిదే కట్టు" అని చెప్పాను. వాడు ఫోటోను చాలాసేపు చూశాడు. "ధైర్యంగుండు అన్నా. ఎవ్వరి చేతులల్ల ఉన్నది చెప్పు" అని నా చెయ్యి పట్టుకున్నాడు. ఇంత పెద్ద ఫోటోకు మంజుల ఒప్పుకుంటుందో లేదో అని నా లోపల భయం ఉంది. అది వీడికెట్లా తెలిసిందా అని ఆశ్చర్యపోయాను.

వాడే ఇంటికి తెచ్చి మేకు కొట్టాడు. చందనం దండ వేశాడు. కింద చిన్న ఎర్ర బల్బు పెట్టాడు. చాయ్ తాగమంటే తల అడ్డంగా ఊపి వెళ్లిపోయాడు. దండ చూశాను. అటు అమ్మకుంది, ఇటు నాన్నకుంది. మధ్యలో ఈవిడ ఒక్కతే బోడిగా ఉంటే ఏం బాగుంటుంది?

మంజుల కూరగాయల మార్కెట్‌కు పోయింది. వచ్చేలోగా ఒక ఫోటో తీసి వాట్సాప్ స్టేటస్‌లో పెట్టాను. కింద "నా మంజుల" అని రాశాను. మర్యాదగా ఉంటుందని రెండు చేతులు జోడించిన బొమ్మ కూడా పెట్టాను.

తర్వాత ఎవరెవరో ఫోన్లు చేశారు. నాకు తోచిన సమాధానం చెప్పాను.

ఇంకాసేపటికి సురంగల్ నుంచి ఆమె తమ్ముడు పాండు ఆటో నిండా జనంతో వచ్చి దిగాడు. దిగడమే ఏడుపు. పాండు పెళ్లాం ఫోటో కింద కూలబడి గుండెలు బాదుకుంటోంది. ఏం జరిగిందో నాకు అర్థమయ్యేలోపే టమాటాల సంచితో మంజుల గడపలోకి వచ్చింది. అందరినీ చూసి సంచి వదిలేసి "అయ్యో! ఎవరు పోయిండ్రు?" అని తనూ ఏడుపు మొదలుపెట్టింది. పాండు అక్కను చూశాడు, ఫోటోను చూశాడు, అట్లాగే నేల మీద కూర్చుండిపోయాడు. టమాటాలు మంచం కింద దాకా దొర్లాయి.

దండ వేసింది సుధాకర్. ఏడ్చింది పాండు. నేను ఫోటో తీశాను, అంతే. మంజుల మాత్రం పాండుతో అన్నది: "బతికుండంగనే నన్ను గోడకు ఎక్కించిండు. మంచిది. ఎవ్వరు దించొద్దు. పోయినోళ్లు మాట్లాడరు గద, నేను గూడ మాట్లాడ."

అప్పటినుంచి ఇదీ సంగతి.

ఫిబ్రవరి 5, బుధవారం

ఫోటో కింద ఎర్ర బల్బు రోజూ సాయంత్రం ఆమే వెలిగిస్తోంది. తన ఫోటోకు తనే దండం పెట్టుకుంటోంది. నాకు వినబడేటట్టు గంట కూడా కొడుతోంది.

ఫిబ్రవరి 6, గురువారం

దొంతన్‌పల్లి నుంచి మా తమ్ముడు జగదీశ్ ఫోన్ చేశాడు. వాడు నా రక్తమే అయినా వదిన పార్టీ. "అన్నా, కాళ్లు పట్టుకో. గంతకంటె ఉపాయం లేదు" అన్నాడు. "నేనేం తప్పు చేశాను?" అని అడిగాను. ఫోన్ పెట్టేశాడు.

ఆ తర్వాత మంజుల ఫ్రిజ్‌కు చెప్పింది. "సోమవారం పాండు ఆటో తెస్తడు. నేను సురంగల్ పోతున్న. ఇగ గాడనే ఉంట. నిజంగ దండ వేసే రోజు కబురు పెడితే వస్త."

పోతే పోనీ. నాకు వంట రాదా? చాయ్ వస్తుంది. కోడిగుడ్డు వస్తుంది.

నేను ఆదివారం పుట్టి పడవలో మూసీ మీదికి పోతున్నాను. గండిపేట వైపు నీళ్లలోకి గులాబి రంగు ఫ్లెమింగోలు దిగాయని మొయినాబాద్‌లో చెప్పుకుంటున్నారు. వాటిని తీయాలని ఎప్పటినుంచో ఉంది. దీనికీ దానికీ ఏ సంబంధం లేదు. ఆదివారం తర్వాత సోమవారం రావడం నా చేతిలో లేదు.

పోతే పోనీ.

ఫిబ్రవరి 7, శుక్రవారం

మొయినాబాద్ దగ్గరి హిమాయత్‌నగర్ ఊరికి పోయి అంతయ్యను, ఎంకమ్మను కలిశాను. మొగుడూ పెళ్లాం ఇద్దరూ పుట్టిలో పోయి చేపలు పడతారు. ఎంకమ్మ ఏళ్ల తరబడి నా బస్సులోనే చేపల గంప పెట్టుకొని పట్నం పోయేది. నన్ను చూడగానే నవ్వింది. "ఏం కండక్టరన్నా! 'ఎనక్కి పో, ఎనక్కి పో' అని నన్ను ఆఖరి సీటు దాక నెట్టుకపోతుంటివి. ఇయ్యాల నా బండి కాడికి వచ్చినవా?"

ఫ్లెమింగోలు చూపిస్తారా అని అడిగాను. "ఓ, చానా ఉన్నయి. చేతులతోని పట్టుకోవచ్చు" అన్నాడు అంతయ్య. "ఆయన మాట నమ్మకు. మొన్న మొసలి ఉన్నదన్నడు, పోయి చూస్తే లారీ టైరు" అన్నది ఎంకమ్మ.

కానీ ఒక చిక్కు వచ్చింది. ఒక్కణ్ణే ఎక్కించుకోరట. పుట్టి గుండ్రంగా తట్టలాగా ఉంటుంది. ఒకవైపు వాళ్లిద్దరు, ఎదురుగా నేనొక్కణ్ణి అయితే బరువు సమానం కాదు. "గిరగిర తిరుగుతది అన్నా. జోడి కావాలె. మేడంను తోల్కరా" అన్నాడు అంతయ్య. మేడం రాదని చెప్పాను. బియ్యం బస్తా పెట్టుకుందామన్నాను. ఎంకమ్మ నా మొహం చూసి "పెండ్లాం జాగల బస్తా పెడుతవా? ఏంది కథ? ఫోన్ నంబర్ చెప్పు" అన్నది.

అక్కడే ఫోన్ చేసింది. మెంతికూర ధర దగ్గర మొదలై మోకాళ్ల నొప్పుల దాకా నడిచింది. నా గురించి ఒక్క మాట రాలేదు. చివరికి "వస్తదంట" అన్నది.

ఇంటికొస్తే మంజుల ఫ్రిజ్‌కు చెబుతోంది: "ఎంకమ్మ పిలిచింది గనుక పోతున్న. ఎవ్వరి కోసమో గాదు."

ఫిబ్రవరి 8, శనివారం

సంచి సర్దుకుంది. ఆకుపచ్చ చీర కూడా పెట్టుకుంది. అది పెళ్లిళ్లకు కట్టేది. సురంగల్‌లో ఇప్పుడెవరి పెళ్లి?

ఫిబ్రవరి 9, ఆదివారం

ఒంటికి ఇంకా బురద వాసన వస్తోంది. రెండుసార్లు స్నానం చేసినా పోలేదు. అయినా ఇవాళ్టిది ఇవాళే రాయాలి.

పొద్దున్నే షేర్ ఆటోలో బయలుదేరాం. ఆమె వెనక, నేను డ్రైవర్ పక్కన. హిమాయత్‌నగర్‌లో దిగి చామంతి తోటల గట్ల వెంబడి నీళ్ల దాకా నడిచాం. పట్నంలో ముక్కు మూసుకొని దాటే మూసీ ఇదేనంటే ఎవరూ నమ్మరు. గండిపేట చెరువులో కలవబోయే ముందు ఇక్కడ వెడల్పుగా పరుచుకుంటుంది. పొగమంచు అప్పుడే విడుతోంది. నీళ్ల మీద ఒక తెల్ల పిట్ట ఒంటికాలి మీద నిలబడి ఉంది. గుండె నిండిపోయింది. "చూడు!" అని పక్కకు తిరిగాను. పక్కన ఎవరూ లేరు. మంజుల ఎంకమ్మతో పాటు ఎప్పుడో ముందుకు పోయింది.

పుట్టి దగ్గర అంతయ్య రెండు చామంతి దండలు పట్టుకొని నిలబడ్డాడు. మొదటిసారి పుట్టి ఎక్కేవాళ్లకు మెడలో దండ వేస్తారట, సాయంత్రం దిగేటప్పుడు దాన్ని తీసి గంగమ్మకు ఇవ్వాలట. నా మెడలో వేశాడు. రెండోది పట్టుకొని ఎంకమ్మ మంజుల వైపు పోయింది. మంజుల రెండడుగులు వెనక్కి వేసింది.

"వద్దమ్మా. నాకు ఇదివరకే పడ్డది."

"ఎప్పుడు? మా పుట్టి ఎప్పుడెక్కినవ్?"

"పుట్టి ఎక్కలే. గోడ ఎక్కిన."

ఇక చూసుకో. పుట్టి ఒడ్డు విడవకముందే కథ మొదలైంది. నేను అంతయ్యను తొందరపెట్టి "రైట్ రైట్" అన్నాను, తెడ్డు చప్పుడులో మాటలు కలిసిపోతాయేమోనని. కలవలేదు. నీళ్ల మీద మాట ఇంకా బాగా వినబడుతుంది.

పుట్టి ఎక్కితే తెలిసింది, దానికి ముందూ లేదు, వెనకా లేదు. జీవితమంతా జనాన్ని "ముందుకు జరగండి" అంటూ బతికినవాణ్ణి, ఇక్కడ జరగడానికి జాగా లేదు. మొహం తిప్పుకుందామంటే మూల లేదు. అంతయ్య, ఎంకమ్మ తెడ్లు పట్టుకొని ఆ పక్కా ఈ పక్కా ఉన్నారు. బరువు కుదరాలని నన్నూ మంజులనూ ఎదురెదురుగా కూర్చోబెట్టారు. మోకాళ్లు తగులుతున్నాయి. పుట్టి మెల్లగా తిరుగుతుంటే ఆమె వెనక ఒకసారి చామంతి తోట, ఒకసారి నీళ్లు, ఒకసారి దూరంగా ఫామ్‌హౌస్ గోడలు వస్తున్నాయి. ఆమె మొహం మాత్రం ఎటూ పోవడం లేదు.

అప్పుడు చెప్పింది. ఎంకమ్మకే చెప్పింది.

"దండ పడితే పడ్డది. సుధాకర్ తెల్వక వేసిండు, నవ్వి ఊకుందును. మా పాండు ఫోన్ చేసి 'బావా, అక్క...' అని పొగిలి పొగిలి ఏడుస్తున్నడంట. ఈయన ఏమన్నడో తెలుసా? 'ఫోటో ఎట్లున్నది పాండూ? వెలుగు మంచిగ పడ్డదా?' అన్నడంట!"

ఎంకమ్మ తెడ్డు ఆపేసింది. పుట్టి గిర్రున తిరిగింది.

"గట్ల అన్నవా అన్నా?"

అన్నాను. ఏం దాచాలి? పాండు ఏడుస్తున్నాడని తెలుసు. ఫోటో అంత బాగా వచ్చింది కదా, చూసి మనసు కరిగి ఏడుస్తున్నాడనుకున్నాను. ఆ మాటే పైకి చెప్పాను. చెప్పాక నాకే వినడానికి బాగాలేదు.

"నేను నిజంగ పోయిన్నాడు గూడ గిట్లనే అడుగుతడు ఎంకమ్మా. పాడె మీద వెలుగు ఎట్ల పడ్డది అని అడుగుతడు" అన్నది మంజుల. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇన్నాళ్లూ కోపమే అనుకున్నాను.

అంతయ్య కాసేపు ఆలోచించి "ఇంతకూ ఫోటో మంచిగనే వచ్చిందా అమ్మా?" అని అడిగాడు. ఎంకమ్మ తెడ్డుతో వాడి మొహం మీదికి నీళ్లు చిమ్మింది. మంజుల కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్విందో ఏడ్చిందో కనబడలేదు.

తర్వాత పిట్టల పాఠం సాగింది. అంతయ్యను ఏ పిట్ట అడిగినా కొంగే. "అదేంది?" "కొంగ." "మరి ఆ నల్లది?" "ఎండకు మాడిన కొంగ." "అగో, ఆ చిన్నది?" "కొంగకు మేనత్త కొడుకు." ఎంకమ్మ ప్రతిదానికీ కాదని ఇంకో పేరు చెబుతుంది. మళ్లీ కనబడితే దానికే మూడో పేరు చెబుతుంది. నేను నవ్వాను. చాలా రోజులైంది అంత గట్టిగా నవ్వి. నీలిరంగు లకుముకిపిట్ట మా ముందే మునిగి చేపతో లేచింది. ఈసారి తోకతో సహా పూర్తిగా ఫోటోలో పడింది. ఎవరికి చూపించాలో తెలియక కెమెరా తెరను గాలిలోకి ఎత్తి పట్టుకున్నాను. మంజుల తల కొంచెం వంచి చూసింది. చూసిందని నేను గమనించినట్టు ఆమె గమనించగానే ఆకాశం వైపు చూసింది.

ఎండెక్కాక ఒక మట్టిదిబ్బకు చేరాం. ఎంకమ్మ మూడు రాళ్లు పెట్టి చేపల పులుసుకు పొయ్యి రాజేసింది. దిబ్బకు అవతలి వైపు ఉన్నాయి ఫ్లెమింగోలు. అంతయ్య చెప్పింది మొదటిసారి నిజమైంది, దానికి వాడే అందరికంటే ఎక్కువ ఆశ్చర్యపోయాడు. చామంతి తోట పక్కన గులాబి తోట వేసినట్టు నీళ్లలో వరసగా నిలబడ్డాయి. "దిగేటోళ్లు దిగొచ్చు, నాకు ఈడనే మంచిగున్నది" అని మంజుల పుట్టిలోనే ఉండిపోయింది. నేను కెమెరాతో గట్టు మీద బోర్లా పడుకున్నాను. అంతయ్య నా పక్కనే పడుకున్నాడు, ఎందుకో నాకు తెలియదు.

లెన్సులో చూస్తున్నాను. గులాబి రెక్కలు, వంకర మెడలు. వాటి వెనక నుంచి ఏదో నల్లగా గుండ్రంగా అడ్డం వస్తోంది. ఎవరిదిరా ఈ పుట్టి, ఫోటో పాడు చేస్తున్నారు అని విసుక్కున్నాను. దగ్గరికి లాగి చూస్తే అందులో మంజుల.

తాడు అంతయ్య కట్టాడని ఎంకమ్మ, ఎంకమ్మ కట్టిందని అంతయ్య. గాలికి పుట్టి కదిలిపోయింది. లెన్సులో ఆమె మొహం చెయ్యి చాస్తే అందేటంత దగ్గర. కన్ను తీసి చూస్తే చింతగింజంత. ఒక్కతే, మెల్లగా తిరుగుతూ పోతోంది.

లేచి ఉరికాను. "హోల్డాన్! హోల్డాన్!" అని అరిచాను. ఇన్నేళ్లు బస్సు ఆపిన గొంతు, ఇంకేం వస్తుంది? ఫ్లెమింగోలన్నీ ఒక్కసారి లేచిపోయాయి. నా చుట్టూ ఆకాశమంతా గులాబి రంగు అయిందట. అంతయ్య చెప్పాడు. నేను చూడలేదు. బురదలో ఒక కాలు దిగబడింది, రెండోది పెడితే అదీ దిగబడింది, ముందుకు పడ్డాను. లేచాను, మళ్లీ పడ్డాను. కెమెరా నీళ్లలో మునిగింది. "మంజులా, పోవద్దే! నన్ను ఇడిసిపెట్టి పోవద్దే!" అని అరిచానని ఎంకమ్మ అంటుంది. అరిచే ఉంటాను. ఏడ్చానని అంతయ్య అంటాడు. అది మాత్రం అబద్ధం. మూసీ నీళ్లు కళ్లలో పడ్డాయి.

మంజుల పుట్టిలో లేచి నిలబడింది. చీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకొని నీళ్లలోకి దిగింది. నా ప్రాణం పోయింది. చూస్తే నీళ్లు ఆమె మోకాళ్ల కిందికే ఉన్నాయి. పుట్టి తాడు పట్టుకొని, బర్రెను తోలుకొచ్చినట్టు దాన్ని లాక్కుంటూ నా వైపు నడిచి వచ్చింది. వస్తూ నవ్వుతోంది. ఆగి నవ్వింది. పొట్ట పట్టుకొని నవ్వింది. ఒడ్డున ఉన్న ఎంకమ్మను చూసి కేక వేసింది: "ఎంకమ్మా! మోకాలి లోతు గూడ లేదని జర ఆయనకు చెప్పు!"

నేను బురదలో కూర్చొని ఉన్నాను. మెడలో దండ ఇంకా అట్లాగే ఉంది, చామంతుల నుంచి నీళ్లు కారుతున్నాయి. మంజుల నా ఎదురుగా నిలబడి ఫోన్ తీసింది. అటు జరిగింది, ఇటు జరిగింది, వెలుగు చూసుకుంది. ఒక్క ఫోటో తీసింది.

పులుసు, జొన్న రొట్టెలు తిన్నాం. అట్లాంటి తిండి జన్మలో తినలేదు. ముళ్లు తీసిన చేప ముక్క ఒకటి నా పళ్లెంలోకి వచ్చింది. ఎవరు పెట్టారో చూడలేదు. సాయంత్రం దండ తీసి గంగమ్మకు ఇచ్చాను. మనసులో ఒకటి మొక్కుకున్నాను, రాయను.

ఆటోలో ఆమె వెనక కూర్చుంది. నేనూ వెనకే కూర్చున్నాను. ఇంటికొచ్చాక సంచి చూశాను. విప్పలేదు. అలసిపోయి ఉంటుంది. రేపు విప్పుతుంది.

ఫిబ్రవరి 10, సోమవారం. పొద్దున

పాండు ఆటో తెచ్చాడు. ఆమె వెళ్లిపోయింది.

సోమవారం. మధ్యాహ్నం

సంచి తీసుకుంది, ఆటో ఎక్కింది, పోయింది. ఫ్రిజ్‌కు కూడా చెప్పలేదు. నేను గడపలో నిలబడి చూశాను. "హోల్డాన్" అనే గొంతు కూడా రాలేదు.

గోడ చూస్తే ఇంకా ఘోరం. అమ్మకూ నాన్నకూ మధ్య మేకు ఒక్కటే ఉంది. ఫోటో కూడా తీసుకుపోయింది. మనిషి లేకపోతే ఫోటో అన్నా ఉంటుంది అనుకున్నాను, అదీ లేదు.

కోపం వచ్చింది. ఇంత చేస్తే, బురదలో పడితే, కెమెరా పాడైతే! తర్వాత కోపం పోయింది. పాండు ఏడుపు గుర్తొచ్చింది. అక్క పోయిందని వాడు ఏడుస్తుంటే నేను వెలుగు గురించి అడిగాను. దండ కాదు తప్పు, ఆ మాట తప్పు. నాదే. ఇది ఆమెతో చెప్పాల్సింది పుట్టిలో, మోకాళ్లు తగులుతున్నప్పుడు. అప్పుడు నోరు రాలేదు.

కోడిగుడ్డు వేశాను. మాడింది. ఆమె లేకుండా నేను ఉండలేను. ఎవరూ చదవరు కాబట్టి రాస్తున్నాను. ఉండలేను.

సాయంత్రం ఆఖరి ఆటోకైనా సురంగల్ పోతాను. పాండు కాళ్లు పట్టుకుంటాను. ఆమెవి కూడా.

సోమవారం. సాయంత్రం

చెప్పులు వేసుకుంటుంటే ఇంటి ముందు ఆటో ఆగింది. పాండు దిగాడు. వెనక సుధాకర్, చేతిలో సుత్తి. ఆ వెనక మంజుల, ఆకుపచ్చ పెళ్లి చీరలో. పాత గుడ్డలో చుట్టిన పెద్ద పలకలు రెండు పట్టుకొని ఉంది.

నేను మొదట పాండు చెయ్యి పట్టుకున్నాను. "ఆ రోజు ఫోన్‌లో అట్లా అడగాల్సింది కాదు పాండూ. తప్పయింది" అన్నాను. పాండు కంగారుపడి "ఇడిసిపెట్టు బావా" అన్నాడు. మంజుల వింది. లోపలికి పోయి గోడ చూపించి సుధాకర్‌కు పని చెప్పింది.

సుధాకర్ నా మొహం చూడడం లేదు. "అన్నా, ఇగ నేను ఏ ఫోటో కట్టినా 'ఉన్నరా, పోయిండ్రా' అని ముందుగాల అడిగే కడుత" అంటూ మేకు కొట్టాడు. అమ్మ ఫోటో ఇటు జరిగింది, నాన్న ఫోటో అటు జరిగింది. మధ్యలో మంజుల మళ్లీ ఎక్కింది. ఆమె పక్కన, అచ్చం అదే సైజులో, అదే ఫ్రేములో, నేను. నెత్తి నిండా బురద, మెడలో చామంతి దండ, నోరు తెరిచి, దిక్కులేనివాడిలా.

"దండ మర్చిపోకు సుధాకర్" అన్నది మంజుల. వాడు నా ఫ్రేముకు కూడా చందనం దండ వేశాడు. ఎర్ర బల్బు ఇద్దరికీ మధ్యలోకి జరిపాడు.

పాండు తల పట్టుకున్నాడు. "ఏందక్కా ఇది? బావను గూడ ఎక్కియ్యవడితివి?"

"మరి? నేనొక్కదాన్నే ఉంటే గిరగిర తిరుగుత తమ్మీ. జోడి ఉండాలె" అన్నది మంజుల.

సంచి విప్పింది. అందులో చీరలు లేవు. ఆకుపచ్చది ఒక్కటి ఉంచుకొని మిగతావి రాత్రే, నేను నిద్రపోయాక, తీసి బీరువాలో పెట్టేసిందట. పాత గుడ్డలు, ఫ్రేములకు గీతలు పడకుండా చుట్టడానికి.

ఫిబ్రవరి 11, మంగళవారం

పొద్దున్నే మంజుల ఫోన్ మోగుతూనే ఉంది. స్టేటస్ పెట్టింది. నా బురద ఫోటో, దండతో సహా. కింద "నా జ్ఞానేశ్వర్" అని రాసింది. రెండు చేతులు జోడించిన బొమ్మ కూడా పెట్టింది, మర్యాద కోసం.

దొంతన్‌పల్లి నుంచి జగదీశ్ చేశాడు. స్పీకర్ పెట్టింది. వాడి ఏడుపుకు ఇల్లు దద్దరిల్లింది. "వదినా... అన్న... మొన్ననే మాట్లాడితి గద వదినా! కాళ్లు పట్టుకో అని తిడితి గద..."

నేను పాపం వాడికి చెబుదామని చెయ్యి చాచాను. మంజుల నా చెయ్యి పక్కకు నెట్టి, కుర్చీలో వెనక్కి ఆనుకొని, కాలు మీద కాలు వేసుకుంది.

"జగదీశ్, ఏడుపు జర ఆపు. ఫోటో ఎట్లున్నది చెప్పు. వెలుగు మంచిగ పడ్డదా?"

అవతల ఏడుపు ఆగిపోయింది. వాడు మెల్లగా అడిగాడు: "వదినా... అన్న గాడనే ఉన్నడా?"

"ఉన్నడు. ముసిముసి నవ్వుతున్నడు" అని ఫోన్ పెట్టేసింది.

వంటింట్లోకి పోయి వచ్చింది. చాయ్ గ్లాసు పట్టుకొని నా ముందు నిలబడింది. ఫ్రిజ్ ఆమె వెనక ఉంది. దాని వైపు చూడలేదు.

"నువ్వు చాయ్ తాగుతవా?"

నేను నోరు మెదపలేదు. పోయినవాణ్ణి కదా. గ్లాసు మాత్రం అందుకున్నాను.